పిలుపు వేరు, గడప వేరు

మా పెద్ద మేనత్త జన్మలో ఓ యాభై అరవై సినిమాలు చూసి ఉంటుంది. వాటిలో ఒక్కదానికైనా మొదలు చూసిన పాపాన పోలేదు. చివరా చూడలేదు. వినడానికి వింతగా ఉంటుందిగాని, కోనసీమలో కాపరాలు చేసిన ఆ తరం ఆడవాళ్ళని ఎవర్నడిగినా "ఇందులో వింతేముందమ్మా!" అనేస్తారు.

అత్తయ్య మెట్టినిల్లు అప్పనపల్లి. వైనతేయ గోదావరి ఒడ్డున కొబ్బరిచెట్ల మధ్య ఊరు. ఇవాళ బాలబాలాజీ గుడికి ఎక్కడెక్కడివాళ్ళో కార్లేసుకుని వస్తున్నారుగాని, ఆ రోజుల్లో ఊళ్ళోంచి బయటపడటమే ఒక ప్రయాణం. సినిమా చూడాలనిపిస్తే మావాళ్ళు రాజోలు వెళ్ళేవారు, లేకపోతే రేవు దాటి అమలాపురం. ఆదివారం రెండున్నర ఆట. దానికి వెళ్ళాలంటే ముందు ఇంట్లో మగవాళ్ళ భోజనాలు కావాలి. మామగారికి మజ్జిగ అన్నం దాకా వడ్డన పూర్తవాలి. పాలేళ్ళకి అన్నం పెట్టాలి. గిన్నెలు బోర్లించాలి. చంటిదాన్ని జోకొట్టాలి. అప్పుడు గబగబా నాలుగు దువ్వులు దువ్వుకుని, చీర మార్చుకుని, బస్సుకోసం రోడ్డుమీద నిలబడాలి. అమలాపురమైతే పడవకోసం రేవులో నిలబడాలి. పడవ అవతలి ఒడ్డున ఉంటుంది. మనకి తొందరైనప్పుడు పడవలన్నీ అవతలి ఒడ్డునే ఉంటాయి కాబోలు!

వీళ్ళు హాలు దగ్గర దిగేసరికి ఘంటసాలగారి వేంకటేశ్వరుని పాట అయిపోయేది. ఆ రోజుల్లో మన హాళ్ళలో ఆ రికార్డు పెట్టారంటే ఆట మొదలవుతోందని గుర్తు. వార్తాచిత్రం అయిపోయేది. పేర్లు పడటం అయిపోయేది. చీకట్లో తడుముకుంటూ, ఎవరి కాళ్ళో తొక్కి తిట్లు తింటూ, ఆడవాళ్ళ వైపు వెళ్ళి కూచునేసరికి అప్పటికే తెరమీద ఎవరో ఏడుస్తూ ఉండేవారు. ఎందుకేడుస్తున్నారో పక్కావిడని అడిగి తెలుసుకోవాలి. పోనీ చివరైనా చూస్తారా అంటే, సాయంత్రం గేదెలు పాలిచ్చే వేళకి ఇంట్లో ఉండాలి. అంచేత "శుభం" పడకముందే లేచి చెప్పులు వెతుక్కోవలసిందే.

"మొదలూ తుదీ లేని పరబ్రహ్మలా ఉండేదే మా సినిమా" అని నవ్వేది అత్తయ్య.

కాని ఇంటర్వెల్లు మాత్రం నిండుగా చూసేది. సోడాలకీ బఠాణీలకీ మగపిల్లలు బయటికి పరిగెడితే తాను కదిలేది కాదు. ఎంచేతనంటే, రాబోయే సినిమాల ట్రైలర్లు మన హాళ్ళలో ఎక్కువగా అప్పుడే వేసేవారు. ఓ ముక్క పాట, ఓ ముక్క యుద్ధం, మెట్లమీంచి ఎవరో దొర్లిపడటం, తల్లి కెవ్వుమనటం, "త్వరలో వస్తోంది" అని పెద్ద అక్షరాలు. ఆర్నెల్లకో టిక్కెట్టు దొరికే మనిషికి ఆ ఒక్క టిక్కెట్టుతోనే మరో మూడు సినిమాలు చూసినట్టు! ఆ ముక్కల్ని చీరకొంగున మూట కట్టుకొచ్చి, రాత్రి వాకిట్లో నులకమంచం మీద కూచుని ఒక్కొక్కటీ కథగా అల్లి చెప్పేది. మేమంతా నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళం. తరవాతెప్పుడో అసలు సినిమా చూసొచ్చిన ఇరుగుపొరుగువారు "ఏమిటోనండీ, మీరు చెప్పిందే బాగుంది" అన్న సందర్భాలు కూడా ఉన్నాయి.

ఇంతకీ ఈ గొడవంతా ఇప్పుడెందుకు జ్ఞాపకం వచ్చిందంటే, మొన్న సెలవులకి వచ్చిన మా మనవరాలు ఫోనులో ఏదో ట్రైలరు చూస్తూ, "అమ్మమ్మా, సినిమా మొదలు కూడా ఇలాగే పాటా, హడావిడీతో ఉంటుందిగా! ఇంక ట్రైలరుకీ దానికీ తేడా ఏమిటీ?" అనడిగింది. జవాబు తేలికే అనుకుని నోరు తెరిచాను. తెరిచాక తెలిసింది, అంత తేలిక కాదని.

ముందు ట్రైలరు పుట్టుక చెప్పుకుందాం. ఇంగ్లీషులో ఆ మాటకి వెనకాల ఈడ్చుకుంటూ వచ్చేదని అర్థం. ముందు చూపించేదానికి వెనకాల వచ్చేదన్న పేరేమిటీ అని మీకు అనుమానం రావచ్చు. మొదట్లో దాన్ని అసలు బొమ్మ అయిపోయాక, తోకలాగా చివర్న వేసేవారు. బొమ్మ అయిపోగానే జనం లేచి పోతారు కదా, తోకనెవరు చూస్తారు? అంచేత తోకని తెచ్చి తలకి తగిలించారు. పేరు మాత్రం తోక పేరే మిగిలింది. ఇలాంటి మొదటి ప్రచార చిత్రాల్లో ఒకటిగా చెప్పేది 1913లో న్యూయార్కులో నిల్స్ గ్రాన్‌లండ్ అనే ఆయన తయారుచేసింది. తమాషా ఏమిటంటే అది సినిమా కోసం చేసింది కాదు, ఓ సంగీత నాటకం కోసం. నాటకం రిహార్సలు ముక్కల్ని సినిమా హాళ్ళలో చూపించి, జనాన్ని నాటకానికి రప్పించాలని ఆయన ఎత్తు. ఆ తరవాత 1919లో నేషనల్ స్క్రీన్ సర్వీసని ఓ కంపెనీ కేవలం ట్రైలర్లు చేసి పంచడానికే వెలిసింది. అంటే సినిమా తీసేవాళ్ళు వేరు, దాన్ని ముక్కలు కోసి పిలుపు తయారుచేసేవాళ్ళు వేరూ అయ్యారన్నమాట.

మరి సినిమా మొదలు సంగతో? దానికి చరిత్ర వెతకడానికి న్యూయార్కు దాకా వెళ్ళక్కర్లేదు. మన భరతముని నాట్యశాస్త్రంలో పూర్వరంగమని ఒక అధ్యాయమే ఉంది. నాటకం మొదలుకాకముందు వాద్యాలు సర్దుకోవడం, దేవతాస్తుతి, నాంది, ఇలా వరసగా ఎన్నో అంగాలు చెప్పాడు. వాటన్నిటికీ చివర ప్రరోచన అనేది ఒకటుంది. రాబోయే నాటకాన్ని మెచ్చుకుని ప్రేక్షకులకి దానిమీద రుచి పుట్టించడం దాని పని. అంటే ఇప్పటి ట్రైలరు చేసే పనిని ఆయన అప్పుడే కనిపెట్టి, పేరుపెట్టి, ఒక పీట వేసి కూచోబెట్టాడు.

ఆ తరవాత ప్రస్తావన. కాళిదాసు శాకుంతలం జ్ఞాపకం తెచ్చుకోండి. మన రాజమండ్రి వీరేశలింగంగారు తెలుగు చేశారు కదా! సూత్రధారుడు వచ్చి ఫలానా కవి రాసిన కొత్త నాటకం ఆడబోతున్నామని చెప్పి, నటిని ఓ వేసవిపాట పాడమంటాడు. ఆవిడ పాడుతుంది. పాటలో పడి ఆయన ఏ నాటకం ఆడాలో మరిచిపోతాడు! ఆవిడ గుర్తుచేస్తే, "నీ పాట నన్ను ఈడ్చుకుపోయింది, అదిగో, ఆ లేడి దుష్యంతుణ్ణి ఈడ్చుకొచ్చినట్టు" అనే భావంతో ఏదో అంటాడు. అంతే, రథం మీద రాజు రంగంమీదికి వచ్చేస్తాడు. ఎంత నేర్పో చూడండి. నాటకం పేరు, కవి పేరు, ఓ పాట, అన్నీ అయ్యాయి. పనిలో పనిగా, ముందుముందు భార్యనే మరిచిపోబోయే రాజు కథకి సూత్రధారుడి మతిమరుపుతో ముహూర్తం పెట్టాడు. అప్పుడు మనకి తెలియదు. తరవాత తెలుస్తుంది. మొదలు చేసే పని ఇదే. కథలోది ఏదీ ముందే లాక్కొచ్చి చూపించదు. కథ చూడవలసిన కళ్ళని మనకి అమరుస్తుంది.

మన కూచిపూడివారు ఈ రెండింటినీ ఒకే రాత్రి, ఒకే తెరతో చూపించేవారు. మొదట పూర్వరంగం. రంగాన్ని నీళ్ళు చల్లి శుద్ధి చేయడం, దీపాలూ ధూపాలూ, వినాయకుడి ముఖం పెట్టుకుని ఓ పిల్లవాడు రావడం. ఇది గడపకి పసుపు రాయడం లాంటిది. ఆ తరవాత భామాకలాపంలో ఇద్దరు తెర పట్టుకుని నిలబడతారు. సత్యభామ తెరవెనకే ఉంటుంది. తెరమీంచి ఒక్క జడ మాత్రం ఇవతలికి వేస్తుంది. మనిషి కనిపించదు, ముఖం కనిపించదు, జడ! దానికి రాగిడీ, కుప్పెలూ. నాకంటే అందగత్తె ఉంటే రమ్మని సవాలు. ఇంక అవతలి మనిషిని చూడకుండా ఎవరైనా లేచి ఇంటికి పోతారా? ప్రపంచంలో ఏ ట్రైలరూ ఆ జడని మించలేదని నా నమ్మకం.

అలాంటి దేశంలోకి సినిమా వచ్చింది. 1921లో విజయవాడలో మారుతీ హాలు వెలిసింది. 1932లో భక్త ప్రహ్లాద మాట్లాడింది. 1936లో నిడమర్తి సూరయ్యగారి దుర్గా సినీటోన్ రాజమండ్రిలోనే సంపూర్ణ రామాయణం తీసింది. పిలుపులకి మనవాళ్ళకి ట్రైలరొక్కటే ఆధారం కాదు. ఒంటెద్దు బండికి రెండువైపులా తడకలమీద బొమ్మలు అంటించి, మైకులో అరుస్తూ, కరపత్రాలు విసురుతూ పోయేవారు. ఆ కరపత్రాల వెనక పిల్లలం ఎంత దూరం పరిగెత్తేవాళ్ళమో! అణాకో బేడకో పాటల పుస్తకం అమ్మేవారు. దాన్లో కథ సగందాకా చెప్పి, కథానాయిక సరిగ్గా నూతి దగ్గర నిలబడేసరికి, మిగతా కథ వెండితెరపై చూడమని చుక్కలు పెట్టేసేవారు. ఆ చుక్కల్ని నమ్ముకుని ఎన్ని కాపరాల్లో ఎన్ని అలకలు జరిగాయో లెక్కలేదు.

పిలుపు ఇలా ఊరంతా తిరిగి అరుస్తుంది. గడప మాత్రం ఉన్నచోటే ఉంటుంది. హాల్లో దీపాలారాక ముందుగా పడేది సెన్సారువారి సర్టిఫికెట్టు. 1952 నాటి సినిమాటోగ్రాఫు చట్టం ప్రకారం ఇచ్చేది. ఎన్ని రీళ్ళో, ఎంత పొడుగో దాన్లో ఉంటుంది. కత్తెర పడిన బొమ్మైతే త్రికోణం గుర్తుంటుంది. ట్రైలరుకీ విడిగా సర్టిఫికెట్టు కావాలి సుమండీ, పెద్ద బొమ్మకి వచ్చిందని చిన్న ముక్కకి చెల్లదు. ఆ వెనక కంపెనీ గుర్తు. విజయావారి జెండాపై హనుమంతుడు, సురేష్ వారి ఇంగ్లీషు అక్షరాలమీద నిలబడ్డ ఇద్దరు పసివాళ్ళు. ఆ గుర్తు చూడగానే "ఆఁ, వీళ్ళదా!" అని కుర్చీలో సర్దుకుని కూచుంటాం. చుట్టాలింట్లో అడుగుపెట్టగానే గోడమీది పటాలు పలకరించినట్టు ఉంటుంది.

తరవాత పేర్లు. ఈ పేర్ల అందానికీ, గోడమీది బొమ్మల అందానికీ మన గోదావరి గాలి కొంత తగిలిందంటే నాకు కించిత్తు గర్వం. నరసాపురంలో పుట్టిన బాపుగారు మొదటి సినిమా సాక్షిని మన పులిదిండి ఊళ్ళోనే తీశారు. 1967లో వచ్చింది. ఆయన చేతిరాత తెలుగునాట ఎంతగా పాతుకుపోయిందంటే, ఇవాళ శుభలేఖల్లో సగం ఆ అక్షరాల్లోనే అచ్చవుతున్నాయి. ఆ సాక్షికే పోస్టర్లు వేసి సినిమా ప్రచారకళలో అడుగుపెట్టినవారు పాలకొల్లు ఈశ్వర్‌గారు. తరవాత సినిమా పోస్టరు మీద పుస్తకమే రాశారు. వాసిష్ఠ గోదావరికి అవతలి ఒడ్డున పుట్టిన ఇద్దరు, ఇవతలి ఊళ్ళో తీసిన ఒకే బొమ్మ. ఒకాయనది లోపలి పని, ఒకాయనది బయటి పిలుపు.

ట్రైలరులోనూ పేర్లుంటాయి కదా అంటారేమో. ఉంటాయి. కాని అక్కడ జనాన్ని రప్పించగలిగిన నాలుగు పేర్లే ఉంటాయి. మొదట్లో పడే పేర్లు అలాంటివి కావు. పాట రాసినవారు, రంగు పూసినవారు, దుస్తులు కుట్టినవారు, జుట్టు దువ్వినవారు, అందరికీ అక్కడ పీట ఉంది. పెళ్ళిలో వంటవాళ్ళనీ, బాజాభజంత్రీలవాళ్ళనీ పేరుపెట్టి పిలిచి తాంబూలం ఇచ్చినట్టు. అంచేతనే అక్కడ ఎవరి పేరు ముందు, ఎవరిది వెనక అన్న పట్టింపులు పుట్టుకొచ్చాయి. పిలుపులో ఏ మాట ముందన్నా సరిపెట్టుకుంటారుగాని, పంక్తిలో పీట మారితే ఊరుకుంటారా!

1962లో గుండమ్మ కథ వచ్చింది. రామారావుగారికి అది నూరో సినిమా, నాగేశ్వరరావుగారికి తొంభైతొమ్మిదోది. ఇద్దరూ ఇద్దరే. ఎవరి పేరు ముందు వెయ్యాలి? ఒకరిది వేస్తే రెండోవారి అభిమానులు హాళ్ళలో కుర్చీలు విరగ్గొడతారు. విజయావారు చక్కని ఉపాయం ఆలోచించారు. నటుల పేర్లే వెయ్యలేదు. ఒక్కొక్కరి బొమ్మా చూపించి ఊరుకున్నారు. ఎన్.టి.ఆర్., సావిత్రి, ఎ.ఎన్.ఆర్., జమున, రంగారావు, సూర్యకాంతం, వీళ్ళకి పేర్లెందుకూ, చూస్తే తెలియదూ? ఇలాంటి పేచీ అమెరికాలోనూ ఉంది. జార్జి లూకాస్ తన స్టార్ వార్స్ వరసలో 1980 నాటి బొమ్మకి దర్శకుడి పేరు మొదట వెయ్యకుండా చివర్న వేశాడని అక్కడి దర్శకుల సంఘం జరిమానా వేసింది. ఆయన జరిమానా కట్టి, సంఘంలోంచి బయటికి నడిచాడు. గడప దగ్గర మర్యాద తప్పితే ఎక్కడైనా గొడవే.

ఆ అమెరికాలోనే ఒకప్పుడు పేర్లని ఎవరూ లెక్కచేసేవారు కాదు. అవి పడుతుండగా జనం తినుబండారాలు కొనుక్కుంటూ ఉండేవారు. ముందున్న తెర తియ్యకుండా దానిమీదే పేర్లు వేసేసే హాళ్ళుండేవి. 1955లో ఆటో ప్రెమింజర్ ఓ మత్తుమందు బానిస కథ తీశాడు. దానికి సాల్ బాస్ అనే చిత్రకారుడు నల్లటి తెరమీద తెల్లటి గీతలతో పేర్లు కూర్చాడు. గీతలు కదిలి కదిలి, చివరికి వంకరపోయిన చెయ్యిగా మారతాయి. పేర్లు మొదలుకాకముందే తెర తియ్యండి అని రీళ్ళ డబ్బాలమీద చీటీలు అంటించి పంపించవలసి వచ్చిందట. అప్పటినుంచీ మొదటి మూడు నిముషాలకి విలువ వచ్చింది.

ఇక హిచ్‌కాక్ సంగతి. 1960లో సైకో తీసినప్పుడు ఆయన ట్రైలరులో అసలు బొమ్మ ముక్కలు పెట్టనే లేదు. ఆరు నిముషాలపాటు తానే ఆ ఇంటిని చూపిస్తూ తిరిగాడు. ఇల్లు అమ్మేవాడిలా మెట్లు చూపించి, గదులు చూపించి, ఆఖరికి స్నానాలగది తెర లాగితే లోపల ఒకావిడ కెవ్వుమంటుంది. ఆ కెవ్వుమన్నావిడ సినిమాలో ఆ స్నానాలగదిలో ఉండే నటి కూడా కాదు, మరో పాత్ర వేసిన ఆవిడకి విగ్గు పెట్టారు. అంటే పిలుపులో ఏదీ నిజం కానక్కర్లేదు. గడప దగ్గర మాత్రం ఆయన కర్కోటకుడు. ఆట మొదలయ్యాక ఒక్కర్నీ లోపలికి రానివ్వద్దని హాళ్ళవాళ్ళకి ఆజ్ఞ. మా అత్తయ్య అక్కడ ఉంటే జన్మలో సినిమా చూసేది కాదు!

పిలుపులో ఉన్నదంతా లోపల ఉండాలా అన్న ప్రశ్న మన దేశంలో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2016లో ఫ్యాన్ అని ఓ హిందీ సినిమా వచ్చింది. దాని ప్రచారంలో ఊరూవాడా మోగిన పాట సినిమాలో లేదు. ఒక ఉపాధ్యాయిని కుటుంబంతో వెళ్ళి చూసొచ్చారు. పాటకోసం ఎదురుచూసిన పిల్లలు ఆ రాత్రి అన్నం మానేశారని ఆవిడ ఫిర్యాదు. పిల్లలు అన్నం మానేస్తే తల్లి మనసు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా! జిల్లాస్థాయిలో కొట్టేశారు. రాష్ట్ర కమిషను ఆవిడకి 10,000 రూపాయల పరిహారం, 5,000 ఖర్చులూ ఇమ్మంది. జాతీయ కమిషనూ అదే ఖాయం చేసింది. సినిమావాళ్ళు సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 2024 ఏప్రిల్ 22న తీర్పు వచ్చింది. ఇచ్చిన ఇద్దరు న్యాయమూర్తుల్లో మన తెలుగువారు పి.ఎస్. నరసింహగారొకరు. ట్రైలరు ఒప్పందమూ కాదు, వాగ్దానమూ కాదు, టిక్కెట్టు కొనడానికి ప్రోత్సాహం మాత్రమేనని తేల్చి, పరిహారం రద్దుచేశారు.

న్యాయం ప్రకారం అది సబబే కావచ్చు. కాని మనం ఇళ్ళల్లో ఎరగని సంగతేమీ కాదు. పెళ్ళిచూపులనాడు అబ్బాయి తరపువాళ్ళు ఎన్ని చెబుతారు! అమ్మాయి పై చదువు చదువుకోవచ్చంటారు, పాట నేర్చుకోవచ్చంటారు, పండక్కీ పబ్బానికీ పుట్టింటికి పంపిస్తామంటారు. ఏ కోర్టుకెళ్ళి అడుగుతాం, ఆ పాటేదీ అని? అది పిలుపు. కొత్తకోడలు కుడికాలు లోపల పెట్టి, అత్తగారు ఎర్రనీళ్ళు దిష్టితీసి, "రా అమ్మా" అంటుందే, ఆ గొంతులో ఉంటుంది అసలు సంగతి. ఆ రెండు నిముషాల్లోనే పిల్లకి సగం తెలిసిపోతుంది, ఈ ఇల్లు ఎలాంటిదో.

మనవరాలికి చివరికి ఇదే చెప్పాను. ట్రైలరు వీధిలో పోయేవాళ్ళతో మాట్లాడుతుంది, మొదలు లోపలికి వచ్చి కూచున్నవాళ్ళతో మాట్లాడుతుంది. ట్రైలరు పదిహేను రీళ్ళలోంచీ ఎక్కడిది కావాలంటే అక్కడిది ఏరుకోవచ్చు, ముందుది వెనకా వెనకది ముందూ పెట్టొచ్చు. మొదటికి ఆ సౌఖ్యం లేదు. మొదటి అడుగు తరవాత రెండో అడుగే వెయ్యాలి. ట్రైలరు మనలో ఆకలి పుట్టిస్తుంది. మొదలు మనకి విస్తరి వేసి, నీళ్ళు చల్లి, ఏ రుచులు వడ్డించబోతున్నారో సైగ చేస్తుంది.

"మరి మొదలే కథంతా చెప్పేస్తే?" అంది ఆ పిల్ల. ఈ కాలం పిల్లలు ఊరుకుంటారా! దానికి ఈగ గుర్తుచేశాను. రాజమౌళిగారు ఆ సినిమా మొదలెట్టినప్పుడే పత్రికలవాళ్ళని పిలిచి కథ చెప్పేశారు. చచ్చిపోయినవాడు ఈగై పుట్టి పగ తీర్చుకుంటాడని అందరికీ తెలుసు. అయినా 2012లో జనం విరగబడి చూశారు. సినిమా మొదలవగానే పేర్లు పడుతుంటే ఒక పాప గొంతు, నిద్ర రావట్లేదు, కథ చెప్పమని నాన్నని వేధిస్తుంది. మనుషులు కనిపించరు, మాటలే. ఆ రెండు నిముషాల్లో ఆయన కోట్ల మంది పెద్దవాళ్ళని పక్కలో పడుకున్న పిల్లల్ని చేసేశారు. ఇంక ఈగ పగబడితే నమ్మక చస్తామా? ఏం జరుగుతుందో ముందే తెలిసిపోయినా నష్టం లేకపోయింది. ఎలా వినాలో మొదలు మనకి నేర్పింది.

ఇప్పుడు టీజరంటారు, గ్లింప్సంటారు, సినిమా రావడానికి ఏడాది ముందునుంచే పిలుపులు. ట్రైలరు ఎన్ని లక్షల మంది చూశారో లెక్కలు వేసుకుంటారు. గడప దగ్గరికి వచ్చేసరికి పొగాకు హెచ్చరికలు, దాతలకి ధన్యవాదాలు. ఆ పైన చాలా సినిమాల్లో పేర్లన్నీ చివరికి నెట్టేశారు. చివరి పేర్లు పడేటప్పటికి దీపాలు వెలుగుతాయి, జనం లేస్తారు, ఊడ్చేవాళ్ళు వస్తారు. తోకగా పుట్టిన ట్రైలరు తలకెక్కింది. తలగా ఉన్న పేర్లు తోకకి పోయాయి. కాలమహిమ!

అత్తయ్య మాట పూర్తిచేస్తాను. ఎనభైల చివర్లో వాళ్ళింటికి టీవీ వచ్చింది. ఓ ఆదివారం నేనక్కడ ఉండగా గుండమ్మ కథ వేశారు. అప్పటికి మామగారు లేరు, గేదెలు లేవు, కోడలు వంటచేస్తోంది. అత్తయ్య అరగంట ముందే వాలుకుర్చీలో కూచుంది. విజయావారి జెండా వచ్చింది. తరవాత ఒక్కొక్క ముఖమే వస్తోంది. అత్తయ్య కళ్ళజోడు సర్దుకుని ముందుకి వంగింది.

"ఇదేమిటే, పేర్లు వెయ్యలేదూ?"

సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

"ఈ సినిమా రెండుసార్లు చూశానే అమ్మాయ్" అంది చివరికి. "రామారావు పేరు ముందేశారని మీ మావయ్యా, నాగేశ్వరరావుదే ముందని మా మరిదీ అన్నం దగ్గర తెగ దెబ్బలాడుకునేవారు. నేను వడ్డిస్తూ వినేదాన్ని. వెళ్ళి చూసొచ్చింది వాళ్ళు కదా, నిజమే కాబోలనుకునేదాన్ని. ఇన్నాళ్ళకి తెలిసింది, ఇద్దరూ అబద్ధమే చెప్పారని!"

పకపకా నవ్వింది. ఆ నవ్వు ఆగాక తెరవైపే చూస్తూ, తనలో తాను అన్నట్టు అంది:

"పిలవడానికేం, అందరూ పిలిచారు. బండి వచ్చి పిలిచింది, మైకు పిలిచింది, ఇంటర్వెల్లులో ముక్కలేసి పిలిచారు. వాకిట్లో నిలబడి రమ్మన్నవాళ్ళ ముఖాలు మాత్రం ఇవాళే చూశాను."

కోడలు వంటింట్లోంచి కేకేసింది, అన్నానికి లేవమని. అత్తయ్య వినిపించుకోలేదు. ఆ రోజు "శుభం" దాకా లేవలేదు.